గుళ్లు గట్టెక్కాయి, ఊళ్లు మునిగాయి

అస్వాన్ డ్యామ్ గురించి మనం పిల్లలకు ఏం చెబుతున్నాం? నైలు నది మీద పెద్ద డ్యామ్ కట్టారు, ఈజిప్టుకు కరెంటు వచ్చింది, అబూ సింబెల్ గుళ్లు మునగకుండా రాళ్లు కోసి పైకెక్కించారు. అంతే. ఆ గుళ్ల చుట్టుపక్కల మనుషులు ఏమయ్యారో చెప్పం.

అక్కడివాళ్లు నూబియన్లు. వాళ్ల భాష అరబ్బీ కాదు. 1902లో మొదటి ఆనకట్ట కట్టారు, 1912లో ఒకసారి, 1933లో మరోసారి ఎత్తు పెంచారు. పెంచినప్పుడల్లా ఊళ్లు మునిగాయి. తర్వాత హై డ్యామ్ కోసం 1963-64లో దాదాపు 50 వేల మందిని కోమ్ ఒంబో దగ్గరి కాలనీలకు తరలించారు. ఏటిగట్టు మనుషుల్ని ఏటికి దూరంగా పడేశారు. కాలనీలకు మాత్రం పాత ఊళ్ల పేర్లే పెట్టారు. నేల తీసుకుని పేరు ఇచ్చారన్నమాట!

అలా మునిగిన ఖత్తా అనే ఊళ్లో పుట్టినవాడు ముహమ్మద్ ఖలీల్ ఖాసిం. కమ్యూనిస్టని జైల్లో పెడితే అక్కడే 'అల్ షమందూరా' నవల రాశాడు. 1933 నాటి ముంపు కథ అది. 1968లో అచ్చయింది, ఆ ఏడే ఆయన పోయాడు.

ఇదంతా ఊరి మీద బెంగ అని తీసిపారేసే పెద్దలుంటారు. బెంగే అయితే భయమెందుకు? హజ్జాజ్ ఒద్దూల్ నూబియన్ల కథలు రాస్తే దేశాన్ని చీలుస్తున్నాడని మీద పడ్డారు. ఆయన పుట్టింది అలెగ్జాండ్రియాలో. అయినా రాశాడు. నూబియన్లు ఊళ్లను మరిచిపోలేదు గనకే, పదేళ్లలో సొంత ప్రాంతాలకు తిరిగి చేరుస్తామని 2014 ఈజిప్టు రాజ్యాంగం 236వ అధికరణంలో రాయాల్సి వచ్చింది. పదేళ్లు దాటాయి, మాట మాటగానే ఉంది. కానీ ఆ మాటైనా మరిచిపోయినవాళ్లకు ఎవరిస్తారు?

అరబ్బీలో రాస్తే అది నూబియన్ల జ్ఞాపకమెలా అవుతుందని ఇంకో ప్రశ్న. ఇది మనకూ తగులుతుంది. మనమూ కోయలో ఏడ్చి తెలుగులో రాస్తున్నాం. ఒద్దూల్ అరబ్బీలో రాస్తూనే నూబియన్ మాటల్ని వదల్లేదు. మనం? పిల్లల నోటుబుక్కులో కోయ మాట కనబడితే ఎర్ర సిరాతో కొట్టేసేది మనమే. ఏ అధికారీ వచ్చి కొట్టెయ్యడం లేదు.

పోలవరం ముంపు కాలనీ పిల్లకు 'మా ఊరు' అని వ్యాసం ఇస్తాం. వాటర్ ట్యాంకు, సిమెంటు రోడ్డు అని రాస్తే మార్కులు వేస్తాం. తాత చెప్పిన వాగు పేరు, గట్టు పేరు రాస్తే, "అవి ఇప్పుడు లేవు కదమ్మా" అని సున్నా చుడతాం.