కుంపటి ఉన్న గదికి ఏ అలారం?

అగ్నిప్రమాదాన్ని హెచ్చరించే అలారం కొనదలచిన పాఠకులు ముందుగా తమ ఇంటి పైకప్పును చూసుకోవాలి. దివిసీమ తాటాకింట పొయ్యి పొగ కప్పు సందుల్లోంచి తనంతట తానే పోయేది. ఆ ఇంటికి భయమల్లా నిప్పురవ్వే. నేడు అవనిగడ్డ, నాగాయలంక వైపు కూడా డాబాలు లేచాయి. రవ్వ భయం తగ్గింది, గాలి దారి మూసుకుపోయింది. అలవాటు మాత్రం పాతదే. ధనుర్మాసపు చలికి తలుపులు బిగించి, బాలింత మంచం దగ్గర కుంపటి పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

బొగ్గుల నిప్పుకు మంట లేదు, పొగ కనబడదు. కనుక అపాయం లేదని పెద్దల నమ్మకం. వైద్యునిగా నా భయం అక్కడే. గాలి చాలని చోట మండే నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దానికి రంగు, వాసన లేవు. ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా బలంగా అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత కనిపిస్తే పురిటి నీరసమనుకొని తల్లిని మరింత వెచ్చగా పడుకోబెడతారు. కరోనా నాళ్లలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి తగిలించినా అది 98 చూపవచ్చు. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆ పరికరం ప్రాణవాయువు పట్టినదిగానే లెక్కిస్తుంది.

బందరులోనో గుడివాడలోనో ఫైర్ అలారం అడిగితే చేతికి వచ్చేది సాధారణంగా పొగ అలారమే. సరుగుడు కట్టెలతో వండే గదిలో దాన్ని బిగిస్తే పూటపూటా కూస్తుంది. వారం తిరక్కుండా ఎవరో ఒకరు బ్యాటరీ ఊడదీస్తారు. వంటగదికి వేడిని గుర్తించే అలారం తగినది. పొగ అలారాన్ని పడకగదుల ముందరి హాలు కప్పుకు బిగించండి. అయితే ఈ రెండూ మోనాక్సైడ్‌ను పసిగట్టలేవు.

అందువల్ల ఒక్కదానికే డబ్బున్నవారు కార్బన్ మోనాక్సైడ్ అలారమే కొనాలని నా అభిప్రాయం. ఇంగ్లండులో కట్టెలో బొగ్గో మండే పొయ్యి ఉన్న అద్దె గదిలో 2015 నుంచే ఇది తప్పనిసరి. ఈఎన్ 50291 అనే ఐరోపా ప్రమాణం గుర్తు చూసి తీసుకోండి. గాలిలో పది లక్షల పాళ్లకు ఈ వాయువు 300 పాళ్లుంటే 3 నిమిషాల్లోపు, 50 పాళ్లుంటే గంటకూ గంటన్నరకూ మధ్య అది మోగాలి. పొయ్యికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో ఉంచండి. సెన్సరుకు గడువు ఉంటుంది, పెట్టె మీది తేదీ చదవండి. బందరు ఉప్పుగాలికి ఇనుపమేకే నిలవదు గనుక వారానికొకసారి మీట నొక్కి పరీక్షించడం మరవకండి.

అలారం ఉన్నది కదా అని బాలింత గదిలో కుంపటి ఉంచడం నాకు సమ్మతం కాదు. పసిబిడ్డకు టోపీ, దుప్పటి, తల్లి ఒంటి వెచ్చదనం చాలు. అలారం మోగితే కారణం వెతుకుతూ నిలబడక అందరూ బయటికి రండి, తరువాత 108కి ఫోన్ చేయండి. జ్వరం లేకుండా ఇంటిల్లిపాదికీ ఒకేసారి తలనొప్పి వచ్చినా అంతే. ఆసుపత్రిలో మొదటి మాటగా కుంపటి సంగతి చెప్పండి. చెప్పకపోతే వైద్యుడు కూడా దాన్ని తిన్నది పడక వచ్చిన వికారమని అనుకోవచ్చు.