పశువైద్యుడు కాదలచినవారు ఇంటర్‌లో ఏం చదవాలి?

మొన్న మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఫోను చేసింది. పదో తరగతి పూర్తయింది, బైపీసీలో చేరబోతోంది. తోటిపిల్లలంతా డాక్టరునవుతామంటుంటే ఈ పిల్ల పశువుల డాక్టరునవుతానంటోంది. అదీ ఎం.బి.బి.ఎస్. సీటు రాకపోతే చూద్దామని కాదు, మొదటి కోరికగానే! పాతికేళ్ళుగా ఈ వృత్తిలో ఉన్న నాకు అంతకన్నా సంతోషమేముంటుంది?

"మామయ్యా, సైన్సు సబ్జెక్టులన్నీ వాళ్ళే ఇచ్చేశారు. ఒక్క గడి మాత్రం నన్ను నింపమన్నారు. రెండో భాష. సంస్కృతం పెట్టుకుంటే మార్కులు బాగా వస్తాయని అందరూ చెబుతున్నారు. ఏం పెట్టను?" అని అడిగింది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఒకప్పుడు అదే గడిని నేనూ నింపాను. దాని సంగతి తరవాత చెబుతాను.

అమెరికాలో పశువైద్యానికి వెళ్ళేవారిలో ఎక్కువమంది ముందు డిగ్రీ పూర్తిచేస్తారు. ఆ సంవత్సరాలలో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, కర్బన రసాయనం, జీవరసాయనం, భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం వంటివి తాము చేరదలచిన కళాశాల నియమాలను బట్టి ఒక్కొక్కటిగా ఎంచుకుంటారు. మనకు ఆ తీరిక లేదు. పదహారేళ్ళకే బైపీసీ అన్న ఒక్క మాటతో సైన్సు ఎంపిక ముగిసిపోతుంది. ఆపైన ప్రవేశపరీక్ష, ఆపైన ఐదున్నరేళ్ళ బి.వి.ఎస్సీ. కాబట్టి మన పిల్లలు "ఏం చదవాలి?" అని అడగడంలో పెద్ద అర్థం లేదు. "దేనికోసం చదవాలి?" అన్నదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు మన ఇళ్ళలోనూ కళాశాలలలోనూ ఒకటే జవాబు: మార్కుల కోసం. నా తగవంతా ఆ జవాబుతోనే.

నేను ఆ జవాబునే నమ్మినవాణ్ణి. వృక్షశాస్త్రం విసుగు, జంతువుల డాక్టరుకు మొక్కలెందుకని నా వాదన. హెర్బేరియం కోసం మొక్కలేరింది మిత్రుడు, అతికించింది మా అక్క. రికార్డు పుస్తకంలో బొద్దింక బొమ్మలు సీనియర్ల రికార్డు చూసి దించినవే. భౌతికశాస్త్రం సూత్రాల జాబితా. లెక్కలైతే బైపీసీలో లేనే లేవు, పీడ వదిలిందనుకున్నాను. రెండో భాష గడిలో సంస్కృతం అని రాశాను. ఆ మహాభాష మీద ప్రేమతో కాదు, బట్టీపడితే మార్కులు రాలతాయని. రెండేళ్ళు చదివి ఆ భాషలో ఒక్క వాక్యం సొంతంగా కూర్చలేని స్థితిలో బయటపడ్డాను. దోషం సంస్కృతానిది కాదు, నాది.

మార్కులు వచ్చాయి, సీటూ వచ్చింది. డిగ్రీ చేతికొచ్చాక 2002లో కర్నూలు జిల్లాలోని ఒక పల్లెకు కొత్త డాక్టరుగా వెళ్ళాను. కృష్ణా డెల్టాలో, వరిచేల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. జొన్నచేను బస్సు కిటికీలోంచి చూడటమే తప్ప అందులో అడుగుపెట్టి ఎరగను. ఆ ఏడు కరవు. జొన్న మోకాలెత్తున గిడసబారి నిలిచిపోయింది. నడుమ ఒక వాన పడితే మోళ్ళకు పచ్చని పిలకలు వేశాయి. ఒక సాయంత్రం ఒక రైతు పరుగున వచ్చాడు. వెళ్ళి చూస్తే ఎద్దు నేలమీద పడి ఉంది. నోట నురుగు, గసపోత, కాళ్ళు కొట్టుకుంటోంది.

"నాము మేసింది సారూ!" అన్నాడతను.

నాకు "పాము" అని వినిపించింది. "మేసింది" అన్న మాట చెవికెక్కలేదు. కాటు గుర్తుల కోసం నాలుగు కాళ్ళూ వెతికాను, మూతి వెతికాను. అతను మళ్ళీ చెప్పాడు, "పాము కాదు సారూ, నాము." ఆ మాటకు అర్థం నాకు తెలియదు. తెలియదని అడగడానికి డాక్టరునన్న నామోషీ అడ్డొచ్చింది. చివరికి పక్కనున్న ముసలమ్మ పిలకలను వేలితో చూపించాకగానీ నాకు తట్టలేదు. సంచీలో సోడియం థయోసల్ఫేటు ఉంది. సూది నరానికి చేరేలోపే ఎద్దు ప్రాణం విడిచింది. ముందే ఇచ్చి ఉంటే బతికేదని ఖాయంగా చెప్పలేను. ఆ విషం అంత తొందరగా చంపుతుంది. కానీ జారిపోయిన ఆ పది నిమిషాలు మాత్రం నావే. జతలో మిగిలిన రెండో ఎద్దు కాడికి కట్టివుండి మావైపే చూస్తోంది.

నాము అంటే కోసిన జొన్న మోళ్ళకు వేసే లేతపిలక. దానిలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు అది విడిపోయి హైడ్రోసయనిక్ ఆమ్లం పుడుతుంది. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. అందుకే చిగుళ్ళు తెల్లబోవు, ఎర్రగా మెరుస్తాయి. ఇందులో పిలక వృక్షశాస్త్రం, ఆమ్లం రసాయనశాస్త్రం, కణశ్వాస జంతుశాస్త్రం. ఇవన్నీ నేను చదివి మార్కులు తెచ్చుకున్నవే. కానీ వేరువేరు పుస్తకాలలో వేరువేరుగా ఉండిపోయాయి. వాటన్నిటినీ ఒక్కచోట చేర్చిన మాట ఆ రైతు నోట ఉంది. ఆ మాటే నాకు రాలేదు.

పాలజ్వరం సంగతీ అంతే. పేరులో జ్వరం ఉంది, కానీ ఆవు ఒళ్ళు ముట్టుకుంటే చల్లగా ఉంటుంది. ఈనిన ఆవు ఒంట్లోని కాల్షియం జున్నుపాలలోకి తరలిపోవడంవల్ల వచ్చే నీరసమది. కాల్షియం నరానికి మెల్లగా ఎక్కించాలి, తొందరపడితే గుండె ఆగిపోవచ్చు. పేరు నమ్మి జ్వరం మందిచ్చేవాడూ తప్పే, పేరు తెలియక రైతును విసుక్కునేవాడూ తప్పే.

పీడ వదిలిందనుకున్న లెక్కలు కూడా తిరిగొచ్చాయి. పల్లెలో పశువును తూచే కాటా ఉండదు. ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 300తో భాగిస్తే బరువు సుమారుగా పౌన్లలో వస్తుంది. చుట్టుకొలత 60, పొడవు 50 అయితే 600 పౌన్లు, అంటే దాదాపు 272 కిలోలు. మందు మోతాదు దానిమీద ఆధారపడుతుంది. ఈ లెక్క కొట్టంలో, సగం చీకట్లో, ఇంటిల్లిపాదీ చూస్తుండగా చేయాలి.

ఇదంతా విన్నాక మా మేనకోడలు ఊరుకోలేదు. "అయితే ఇంటర్ తెలుగు పుస్తకంలో నాము అన్న మాట ఉంటుందా మామయ్యా?" అంది. గడుసు పిల్ల! ఉండదన్నాను. అక్కడ పద్యాలు, కథలు, వ్యాసాలు ఉంటాయి. తెలుగు తీసుకున్నంతమాత్రాన నేను ఆ ఎద్దును బతికించేవాణ్ణని చెబితే అబద్ధమవుతుంది. కానీ ఆ గడిని ఏ కొలతతో నింపానో, మిగిలిన నాలుగు సబ్జెక్టులనూ అదే కొలతతో చదివాను. మార్కు రానిది అక్కరలేనిదన్న కొలత అది. అమెరికాలోని అనేక పశువైద్య కళాశాలలు సైన్సుతోపాటు ఆంగ్ల రచనను, కొన్నయితే ప్రసంగాన్ని కూడా ముందుగా చదివి రమ్మంటాయి. వాళ్ళు భాషాభిమానంతో పెట్టిన నియమం కాదు గదా! పశువు నోరులేని జీవి. దాని బాధ చెప్పేది యజమాని. అతని మాట విని అర్థం చేసుకోవడంతోనే మా వైద్యం మొదలవుతుంది.

చివరికి ఇలా చెప్పాను. "అమ్మా, తెలుగే రాయి. హెర్బేరియం నువ్వే చెయ్యి, నీ చేత్తో ఏరిన మొక్కలతో. ప్రతి మొక్కకీ లాటిన్ పేరు పక్కన ఊళ్ళో పిలిచే పేరు కూడా రాయి. లెక్కలు మరిచిపోకు. సెలవుల్లో పాడి ఉన్న ఇంట్లో వారం రోజులుండి పేడ ఎత్తు, పాలు పిండు. అప్పటికీ ఇష్టం పోకపోతే నువ్వు డాక్టరువే."

"మార్కులు తగ్గితే?" అంది.

ఆ భయం ఉత్తది కాదు. సీటు నిర్ణయించేది ర్యాంకే గనక మార్కులు అక్కరలేదని ఆ పిల్లతో చెప్పే ధైర్యం నాకు లేదు. ప్రవేశపరీక్షలో రెండో భాష ఉండదు, ఆ ధైర్యంతోనైనా ఆ ఒక్క గడినీ మార్కులకు వదిలేయకు అన్నాను.

నిన్న సాయంత్రం సందేశం పంపింది. గడిలో తెలుగు అని రాసిందట. దానికిందే ఒక ప్రశ్న: "మామయ్యా, చిటుకు రోగం అంటే ఏమిటి?"

గొర్రెల జబ్బు. ఆదివారం ఫోనులో చెబుతానన్నాను.