ఆడవారికి ఆడవారి అండ

జంషెడ్‌పూరు నగరపు అంచున ఖర్కాయి నది పారుతుంది. నదికి ఈవల 1912లో తొలి ఉక్కును పోత పోసిన టాటావారి కర్మాగారం. దానిని నమ్ముకొని తరాలుగా బ్రతుకుతున్న అనేక భాషల కుటుంబాలు, వారిలో మన తెలుగువారు కూడా. నదికి ఆవల ఆదిత్యపూరు దాటితే సరాయికేలా-ఖర్సావా జిల్లా పల్లెలు మొదలవుతాయి. 1995లో అటువంటి ఒక పల్లెలో పొరుగింటి పిల్లకు జబ్బు చేసింది. జబ్బుకు కారణం ప్రక్కింటి కోడలు ఛుట్నీ మహతో అని ఊరు తీర్మానించింది. ఆమె 'డాయన్' అన్నారు. చేతబడి, బాణామతి అన్న మాటలు విన్న తెలుగు పాఠకులకు ఆ పదాన్ని వేరే వివరించనక్కరలేదు.

పంచాయతీ ఆమెకు 500 రూపాయల జుర్మానా విధించింది. ఆమె చెల్లించింది. చెల్లించినా ఊరు శాంతించలేదు. ఇంటిమీద పడి కొట్టి, వ్రాయడానికి చేయి రాని అవమానాల పాలు చేశారు. పన్నెండేళ్ళ ప్రాయంలో కోడలిగా అడుగుపెట్టిన ఊరిని విడిచి, పిల్లలను వెంటబెట్టుకొని ఆమె ప్రాణాలతో బయటపడింది.

ఇంతవరకు ఇది ఆ ప్రాంతానికి కొత్త కథ కాదు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2000–2016 సంవత్సరాల మధ్య మంత్రగత్తె అన్న నెపంతో దేశంలో 2,500 మందికి పైగా హతులయ్యారు. నెపం అనడమే సబబు. విచారిస్తే అడుగున తరచు కనబడేది క్షుద్రశక్తి కాదు. విధవరాలి పేరనున్న ఎకరం పొలం, దాయాదుల పాత పగ, దగ్గరలో వైద్యుడు లేని ఊళ్ళో ప్రతి జ్వరానికీ ఒక దోషిని చూపి బ్రతికే ఓఝా. నింద మోపేవారిలో ఆడవారూ తక్కువేమీ కాదు. ఆడదానికి ఆడదే శత్రువు అని మన పెద్దలు ఊరకే అన్నారా అని కొందరికి తోచవచ్చు. కాని ఛుట్నీ కథ అక్కడ ఆగలేదు.

ఆనాడు జంషెడ్‌పూరులో ఫ్రీ లీగల్ ఎయిడ్ కమిటీ అనే సంస్థ ఈ దురాచారంపై ప్రచారం సాగిస్తూ, చట్టం కావాలని పట్టుబడుతున్నది. ఛుట్నీ ఆ సంస్థను ఆశ్రయించింది. 1999లో బీహారు ప్రభుత్వం చట్టం చేసింది; కొత్తగా ఏర్పడిన జార్ఖండ్ 2001లో దానిని స్వీకరించింది. ఒక స్త్రీని మంత్రగత్తె అని పేరు పెట్టినందుకు మూడు నెలల వరకు ఖైదు లేదా వేయి రూపాయల జుర్మానా. హింసిస్తే ఆరు నెలలు, రెండువేలు. ఒక జీవితాన్ని బుగ్గి చేసినందుకు ఇది ఏపాటి శిక్ష!

చట్టం పుస్తకంలో ఉన్నది. నింద పడిన స్త్రీ ఎక్కడో అడవి అంచు పల్లెలో తలుపు బిగించుకొని కూర్చున్నది. ఆ రెంటికీ మధ్య దూరాన్ని కాలినడకన దాటడమే ఛుట్నీ తన పనిగా ఎంచుకొన్నది. అక్షరం రాని ఆమె, గమ్హరియా సమీపంలోని బీర్‌బాన్స్ గ్రామంలో బాధితులకు ఆశ్రయం ఏర్పరచి, తనవంటి స్త్రీలనే కూడగట్టింది. ఫలానా ఊరిలో ఫలానా ఆమెను వేధిస్తున్నారని కబురు రాగానే వారు బయలుదేరుతారు. ముందు నిందించినవారితో మాట్లాడతారు, నచ్చజెబుతారు. వినకపోతే చట్టం పేరు చెప్పి హెచ్చరిస్తారు. అప్పటికీ వినకపోతే ఠాణాలో ఫిర్యాదు చేస్తారు. ప్రాణభయమున్న స్త్రీని వెంటబెట్టుకొని బీర్‌బాన్సుకు తెస్తారు. అక్కడ ఆమె కడుపునిండా తింటుంది, కంటినిండా నిద్రపోతుంది. అన్నిటికంటె ముఖ్యం, తన మాట నమ్మే మనుషుల నడుమ కూర్చుంటుంది. 'నీవు డాయన్‌వి కావు' అని వకీలు చెప్పినా ఆమె వింటుంది. కాని అదే మాటపడి బ్రతికి బయటపడిన మరొక స్త్రీ చెబితే నమ్ముతుంది.

ఆఫ్రికాలోని ఘానా దేశంలో గంబాగా అనే ఊరిలో ఇటువంటి నింద పడిన స్త్రీలకు ఒక శిబిరం ఉన్నది. అక్కడ ప్రాణానికి రక్షణ ఉన్నది గాని, చాలామంది అక్కడే వృద్ధులైపోతారు. బీర్‌బాన్సు స్త్రీలు పూనుకొన్న పని మరింత కష్టమైనది. ఊరివారిని ఒప్పించి, వీలైతే ఆ స్త్రీని తిరిగి తన ఇంటి గుమ్మం ఎక్కించడం.

షేక్స్‌పియరు 'మాక్బెత్' నాటకంలో మంత్రగత్తెలు ముగ్గురూ తమను అక్కచెల్లెండ్రుగానే చెప్పుకొంటారు. లోకం మంత్రగత్తెలన్నవారు బీర్‌బాన్సులోనూ అక్కచెల్లెండ్రే అయినారు. వారు చేసే మంత్రాంగం మాత్రం వేరు.

ఛుట్నీ ఆదుకొన్న స్త్రీల సంఖ్య నూరు దాటింది. 2021లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ప్రకటించింది. ఆ వార్త చెప్పడానికి ఢిల్లీ నుండి ఫోను వచ్చినప్పుడు, ఇప్పుడు తీరిక లేదు, ఒక గంట తరువాత మళ్ళీ చేయండి అని ఆమె పెట్టివేసినట్లు అప్పటి పత్రికలు వ్రాశాయి.