ధర్మార్థ గుఱ్ఱముల ప్రదర్శనము: అందు తొలి ధర్మమెవరికి?

దానము చేయుట మంచిదని చెప్పుటకు పెద్ద చదువక్కఱలేదు. దానము కొఱకు వేడుక జరుపుట మంచిదా యని యడిగినచో మాత్రము కొంచె మాలోచింపవలసియున్నది. ఏలయన, అట్టి సందర్భములందు దానమునకు ముందే వేడుక వచ్చి పీట వేసికొని కూర్చుండును. పందిరి, వాద్యములు, పూలదండలు, పెద్దలకు కుర్చీలు, పిన్నలకు మిఠాయిలు, ఇవన్నియు తమతమ పాళ్ళు పుచ్చుకొనిన పిమ్మట మిగిలినదే బీదల పాలగుచుండును. ఈ సంగతిని గూర్చి మా యభిప్రాయమును చదువరుల యెదుట నుంచదలచి, పాశ్చాత్య దేశములయందు ఊరూర జరుగు ధర్మార్థ గుఱ్ఱముల ప్రదర్శనమును ఉదాహరణముగా గైకొనుచున్నాము.

మన బాలబాలికలు గుఱ్ఱపు పందెములను గూర్చి వినియేయుందురు. ప్రదర్శనము వేఱు, పందెము వేఱు. పందెమునందు వేగమే ప్రధానము. పణమొడ్డుట దానిని నీడవలె వెన్నంటియుండును. ప్రదర్శనమునందు గుఱ్ఱము యొక్క నడక, ఒడలి తీరు, విధేయత, దానిపై కూర్చున్నవారి నేర్పు పరీక్షింపబడును. పచ్చిక మైదానమున కంచెతో వలయమొకటి యేర్పఱచి, అందు తరగతి తరువాత తరగతిని ప్రవేశపెట్టుదురు. పెద్ద గుఱ్ఱములకు కొన్ని తరగతులు, ‘పోనీ’లకు కొన్ని. పోనీ యనగా మనవారు తట్టువ యని పిలుచు పొట్టి గుఱ్ఱమే. ఇంగ్లాండునందు గుఱ్ఱపు టెత్తును ‘చేతుల’తో కొలుతురు, ఒక చేయి 4 అంగుళములు. నేలనుండి మూపు వఱకు 14 చేతుల 2 అంగుళములకు, అనగా 58 అంగుళములకు మించనిది తట్టువ. కంచెలు దూకించుట, బండి తోలుట, పసిపిల్లలను జీనుపై కూర్చుండబెట్టి పెద్దలు పగ్గము పట్టి నడిపించుట, ఇట్లు తరగతులు పలు విధములు.

గెలిచినవారికి రిబ్బనుతో చేసిన పువ్వు నిత్తురు. ఇందొక వింత గలదు. ఇంగ్లాండున మొదటి బహుమానమునకు ఎఱ్ఱ రిబ్బను, రెండవదానికి నీలి రిబ్బను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మొదటిదానికి నీలి, రెండవదానికి ఎఱ్ఱ. సముద్రము దాటినంతమాత్రమున మొదటివాడు రెండవవాడగునట్లున్నది! కాబట్టి రిబ్బను విలువ దాని రంగునం దుండదు. ఏ గుణమునకై దాని నిచ్చితిమో దానియందే యుండును. ఈ మాటతో ముందు మనకు పనియున్నది.

ఫిలడెల్ఫియా నగరమునకు చేరువనున్న డెవన్ అను చోట 1896లో గుఱ్ఱముల ప్రదర్శనమొకటి ఆరంభింపబడెను. 1919లో దానికి ఒక సంతను జతచేసి, బ్రిన్ మార్ అను సమీపపు టూరి ఆసుపత్రికి తోడ్పడునట్లు ఏర్పాటు చేసిరి. ఆ సంబంధము నేటికిని తెగలేదు. ఏటేట మే నెల కడపట మొదలై జూను నెల తొలి దినముల వఱకు ఆ ప్రదర్శనము జరుగుచుండును. అందు కొన్ని దినములు పిల్లలకై ప్రత్యేకింపబడును. సంతలోని అంగళ్ళయందు ఊరివారే జీతము లేక నిలిచి మిఠాయిలమ్ముదురు. నిమ్మకాయకు చక్కెరపుల్లను గ్రుచ్చి, ఆ పుల్ల గుండ రసమును పీల్చుకొను తినుబండార మొకటి అచ్చట మిక్కిలి ప్రసిద్ధము.

నూఱేండ్లకు మించి ఒక ధర్మకార్యము నిలుచుటకు కారణమేమి? మాకు తోచినవి రెండు. సొమ్ము ఎచ్చటికి పోవునో ఊరిలో నందఱకు తెలియును. ఆ ఆసుపత్రి సమీపపు టూరిలోనే యున్నది. పనిచేయువారిలో పలువురు కూలి యాశింపరు. ఈ రెండును లేనిచో ఎంత మేలుజాతి గుఱ్ఱమును ఆ ధర్మమును ఈడ్చుకొనిపోజాలదు.

ఇచ్చట మా యనుభవ మొకటి చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక యూరిలో దిక్కులేని పిల్లల నిమిత్తమై జరిగిన వినోద ప్రదర్శనమునకు లెక్కలు వ్రాయు పని మాకప్పగింపబడెను. జనము విరివిగా వచ్చిరి, టిక్కెట్లు చాలక మరల అచ్చొత్తించితిమి. మఱునాడు లెక్క తేల్చి చూడగా, పందిరివానికి, దీపములవానికి, అతిథుల విందునకు ఇచ్చినది పోగా మిగిలిన సొమ్ముతో ఆ పిల్లలకు తలకొక దుప్పటియైన రాదయ్యెను. ఎవరును దొంగిలింపలేదు. అందఱును మంచివారే. అయినను ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. బీదల పేరు చెప్పి పిలిచి, బీదలకు గాక మనకే వేడుక చేసికొంటిమిగదా యని మనసు కలుక్కుమనెను.

నాటినుండి మా యభిప్రాయమిది. ధర్మార్థ ప్రదర్శనమునకు రెండు పెట్టెలుండవలెను. ఖర్చులకై ముందుగనే చందాలు వసూలు చేసి ఒక పెట్టెలో వేయవలెను. అది నిండకున్న పందిరి చిన్నది కావలెను. నాడు ద్వారమువద్ద వచ్చిన ప్రవేశ రుసుము రెండవ పెట్టెలో పడి, చెక్కుచెదరక ధర్మమునకే పోవలెను. ఖర్చుపెట్టువాడును లెక్క వ్రాయువాడును ఒక్కడు కారాదు. నెల తిరుగకమునుపే లెక్క నలుగురు చదువుకొనునట్లు గోడకంటింపవలెను. గోడకంటింపలేని లెక్క, లెక్క కాదు.

ధనము మాట ముగిసినది. గుఱ్ఱము మాటకు వత్తము. ధర్మార్థ ప్రదర్శనమున అందఱికంటె ఎక్కువ శ్రమపడునది ఎవరు? కమిటీవారు కారు. ఎండలో బండ్లలో ప్రయాణము చేసి, కొత్తచోట కొత్త చప్పుళ్ళ నడుమ నిలిచి, మరల మరల వలయమున తిరుగు ఆ మూగజంతువే. అది తన యిష్టముతో దానము చేయ వచ్చినది కాదు. దాని చెమటతో పుణ్యము సంపాదించు మనము దానికేమి యిచ్చుచున్నాము?

ఈ ప్రశ్నకు లండను నగరమున 1885లో ఒక మంచి యుత్తరము దొరకెను. ఆ కాలమున నగరమునందలి బొగ్గు, పీపాలు, మూటలు సమస్తమును గుఱ్ఱపు బండ్లమీదనే సాగుచుండెను. ఆ గుఱ్ఱముల స్థితిని బాగుచేయవలెనని కొందఱు సంఘముగా నేర్పడి, బండి గుఱ్ఱముల ఊరేగింపును మొదలిడిరి. గుఱ్ఱముల పోషణయు, వాటి యారోగ్యమును అందు ముఖ్యముగా చూడబడెను. తోలువారు తమ పశువులయందు దయ వహించునట్లు చేయుటయే దాని యుద్దేశము. గుఱ్ఱము యజమానునిదైనను, దానికి దాణా పెట్టి, ఒడలు తోమి, మెడక్రింద కాడి ఒఱసిన పుండ్లను కనిపెట్టువాడు బండివాడు. ఆ బండివాని ఓర్పునకు నలుగురిలో గౌరవము లభించెను. 1904లో తేలిక బండ్ల గుఱ్ఱములకు వేఱొక ఊరేగింపు వెలసెను. 1966లో రెండును ఒకటియయ్యెను. మోటారు వచ్చి బండి గుఱ్ఱము తగ్గినను, ఈస్టరు సోమవారపు ఊరేగింపు ఆనవాయితీగా నిలిచెను.

అందమునకు మాత్రమే బహుమాన మిచ్చినచో ఏమగునో చెప్పుటకును సాక్ష్యము గలదు. ఒకప్పుడు ఇంగ్లాండున ధనికుల బండ్లకు కట్టు గుఱ్ఱములు తల పైకెత్తి ఠీవిగా కనబడుటకై, తల దించకుండ ఒక వారుతో బిగించి కట్టుచుండిరి. చూచువారికి సొగసు, గుఱ్ఱమునకు మెడనొప్పి, ఊపిరి యాడమి. మిట్ట యెక్కునప్పుడు తల వంచి బలము పెట్టుటకైన వీలులేదు. ఆనా స్యూయల్ అను స్త్రీ బాల్యమున కాలికి దెబ్బతగిలి, సరిగా నడువలేక, గుఱ్ఱపు బండినే యాధారము చేసికొని బ్రతికినది. ఆమె 1877లో ప్రకటించిన ‘బ్లాక్ బ్యూటీ’ యను గ్రంథమున గుఱ్ఱమే తన కథ తాను చెప్పుకొనును. ఆ వారుపై జనులకు ఏవగింపు పుట్టుటకు ఆ గ్రంథము మిక్కిలి తోడ్పడెను. గ్రంథము వెలువడిన కొలది నెలలకే, 1878లో, ఆమె పరలోకగతురాలయ్యెను.

కావున ఊరిలో ప్రదర్శనము జరుపువారు మొదట వ్రాసికొనవలసిన పట్టికలో అతిథుల పేర్లు కాక ఈ క్రిందివి యుండవలెను. ఒక పశువైద్యుడు ఉదయమునుండి సాయంకాలము వఱకు అక్కడనే యుండవలెను. కుంటునదానిని, పుండుగలదానిని వెనుకకు పంపుటకు ఆయనకు సంపూర్ణాధికార ముండవలెను, అది అధ్యక్షుని గుఱ్ఱమైనను సరియే. నీరు సమృద్ధిగా నుండవలెను. సామాన్య దినములందే గుఱ్ఱము 25 లీటర్లకు పైగా త్రాగును, ఎండదినములందు మఱింత. కట్టు చోట నీడ కావలెను. చూడవచ్చినవారు మిఠాయిలు, రొట్టెముక్కలు తినిపింపకుండ కాపలా పెట్టవలెను; గుఱ్ఱము మనవలె తిన్నదానిని కక్కుకొనజాలదు, కడుపునొప్పి దానికి ప్రాణాంతకము కావచ్చును. బరువైనవారిని చిన్న తట్టువలపై ఎక్కనీయరాదు. ఒక్కొక్క జంతువు ఎన్ని తరగతులలో పాల్గొనవచ్చునో ముందుగనే నిర్ణయింపవలెను. అన్నిటికిని మించి, మేలుగా పోషింపబడిన గుఱ్ఱమునకై, దాని సాయీసు పేరిట, మొదటి బహుమాన మొకటి యుండవలెను.

దీనికి కొంద ఱాక్షేపణ చెప్పుదురు. “ఇన్ని నియమములు పెట్టినచో గొప్పవారు గుఱ్ఱములను పంపరు, వేడుక తగ్గును, జనము రారు, ధర్మమునకు సొమ్ము తగ్గును” అందురు. ఈ వాదములో కొంత సత్యము లేకపోలేదు. ఒక ఏడు పెట్టెలో నాణెములు తగ్గవచ్చును. అయినను, ఒక ప్రాణిని నొప్పించి మఱియొక ప్రాణికి మందు కొనుట ధర్మమని మేమొప్పుకొనజాలము. మఱియు చూడవచ్చిన పిల్లవాడు ఆనాడు రెండు పాఠములలో ఒకటి నేర్చికొని యింటికి పోవును. నురుగులు క్రక్కు గుఱ్ఱమునకు చప్పట్లు కొట్టుట ఒకటి. అలసినదానిని వలయమునుండి తప్పించినవానికి చప్పట్లు కొట్టుట ఇంకొకటి. ఆసుపత్రికి చేరు సొమ్ము ఏడాదిలో ఖర్చగును, పాఠము జన్మాంతము నిలుచును.

కంచె యవతల నిలిచిన పిల్లవానిని గూర్చియు ఒక మాట. గుఱ్ఱము కలవారి పిల్లలు వలయములోను, లేనివారి పిల్లలు వెలుపలను ఉండుట ఇట్టి ప్రదర్శనములకు సహజమైన లోపము. ఇంగ్లాండున 1969లో నెలకొన్న వికలాంగుల స్వారి సంఘము ఈ లోపమును కొంత దీర్చినది. డెన్మార్కు దేశస్థురాలు లిస్ హార్టెల్ 1944లో పోలియో సోకి మోకాళ్ళ క్రింద కాళ్ళు స్వాధీనము తప్పినను, 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో గుఱ్ఱపుస్వారియందు వెండి పతకము గెలుచుకొనెను. ఆమెను గుఱ్ఱము నెక్కించుటకును దించుటకును ఇతరులు సాయపడవలసివచ్చెడిది. నడువలేనివారికి నాలుగు కాళ్ళ నెరువిచ్చు జంతువు గుఱ్ఱము! కావున ప్రతి ప్రదర్శనమున అట్టి పిల్లలకు, గుఱ్ఱము లేని పిల్లలకు ఒక గంటయైన వలయములో చోటుండవలెను.

“అయ్యా, ఇది యంతయు దొరల దేశపు మాట. మన యూర గుఱ్ఱము లెక్కడివి?” అని తల్లిదండ్రు లడుగవచ్చును. మా చిన్ననాట రైలు స్టేషను వెలుపల జట్కాలు వరుసగా నిలిచియుండెడివి. పాఠశాలకు ఆలస్యమగునని మేము అయిదాఱుగురము పుస్తకములతో కూడ ఒక్క జట్కాలో క్రిక్కిఱిసి యెక్కి, “తాతా, వేగముగా తోలు” అని తొందరపెట్టెడివారము. ముసలి గుఱ్ఱము ఎముకలు లెక్కపెట్టవచ్చునట్లుండెను. చర్నాకోల దెబ్బ పడినపుడెల్ల మేము నవ్వితిమి. ఆ నవ్వు నేటికిని మమ్ము విడువలేదు. జట్కాలు ఇప్పుడు అరుదైపోయినవి గాని, పెండ్లి యూరేగింపులలో టపాకాయల నడుమ బెదరుచు నిలిచిన గుఱ్ఱమును, ఉత్తర హిందూస్థానమున ఇటుక బట్టీలయొద్ద మోతకు మించి మోయు గుఱ్ఱములను, కంచరగాడిదలను మనము మఱువరాదు. కైరో నగరమున, మొదటి ప్రపంచ యుద్ధానంతరము సైన్యము అమ్మివేసిన ముసలి గుఱ్ఱముల దుస్థితిని జూచి, డొరొతీ బ్రూక్ అను దొరసాని 1931లో పత్రికకొక లేఖ వ్రాసెను. ఆ లేఖకు కరగి జనులు పంపిన ధనముతో వేలకొలది గుఱ్ఱములు కొనబడి బాధనుండి విముక్తి పొందెను. 1934లో అచ్చట ఆసుపత్రి వెలసెను. ఆమె పేరిటి సంస్థ నేడు మన దేశమునను పనిచేయుచున్నది. ఒక్క లేఖ! దానికి పందిరి లేదు, వాద్యము లేదు.

ప్రియ విద్యార్థులారా, మీలో కొందఱు రేపు పెద్దలై కమిటీలలో కూర్చుందురు. మీ యూర జరుగునది గుఱ్ఱముల ప్రదర్శనము కాక ఎడ్ల ప్రదర్శనము కావచ్చును, బండలాగుడు పోటీ కావచ్చును, మన పాఠశాలలోని చిన్న సంతయే కావచ్చును. నాడు లెక్కపుస్తకము మీ చేతికి వచ్చినపుడు, ‘ఎంత వచ్చినది?’ అని అడుగుటకు ముందు, ‘ఎవరి శ్రమవలన వచ్చినది? వారికి నీరిచ్చితిమా?’ అని యడుగుడు. రిబ్బను ఎఱ్ఱనిదైనను నీలిదైనను, ఆ ప్రశ్న నడిగినవారికే మొదటి బహుమానము చెల్లవలెనని మా దృఢాభిప్రాయము.