ఎఫ్ కార్డు పలకడం లేదా? వేళ్ళని తిట్టకండి!

తెరమీద హీరోగారి గిటారుకి ఏ రిపేరూ అక్కర్లేదు, గమనించారా? వానలో తడిసినా, కొండమీంచి దొర్లినా, విలన్ తన్నినా శ్రుతి తప్పదు! ఎందుకు తప్పుతుంది పాపం... మోగే గిటారు ఆయన చేతిలో లేదుగా. 1973లో వచ్చిన 'యాదోం కీ బారాత్'లో 'చురాలియా' పాట గుర్తుందా? తెరమీద గిటారు పట్టుకున్నది జీనత్ అమన్. వాయించింది భూపిందర్ సింగ్, అవును, గజళ్ళు పాడిన ఆ భూపిందరే. ఆ కథనే 1975లో మన నిమ్మకూరు రామారావుగారితో 'అన్నదమ్ముల అనుబంధం'గా తీశారు. అప్పట్నించీ ఇప్పటిదాకా మన కుర్రకారు తెరమీది వాళ్ళని చూసి గిటారు కొంటూనే ఉన్నారు. రికార్డింగు థియేటర్లో టేకుకీ టేకుకీ మధ్య తలవంచుకుని తీగలు సవరించుకునే ఆ రెండో మనిషిని చూసి కొంటే ఎంత బావుండును!

ఇప్పుడీ గోలంతా ఎందుకంటే, మా అక్కయ్య కొడుకు మూలంగా. గుడివాడలో డిగ్రీ చదువుతున్నాడు. చిన్నపిల్లలకి ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో పోయిన శ్రావణంలో కొత్త గిటారు తెప్పించుకున్నాడు. ఏ కొట్టునుంచో అడక్కండి, చెప్పను. నెల తిరిగేసరికి దాన్ని సంచీతో సహా మోసుకుని బందరు రైలెక్కి వచ్చి, మా యింట్లో మంచం మీద పడేశాడు.

"మావయ్యా, ఇది నా వల్ల కాదు. ఎవరికైనా అమ్మిపెట్టు."

"ఏమొచ్చిందిరా?"

"నా వేళ్ళు పొట్టివట. మా ఫ్రెండు చెప్పాడు. ఎఫ్ కార్డు పట్టుకుంటే మూడు తీగలు అసలు మోగవు, మూడేమో ఏడుస్తాయి. చూడు, చివళ్ళు ఎలా కోసుకుపోయాయో!"

చూశాను. నిజంగానే కోసుకుపోయాయి. నేనేమీ విద్వాంసుణ్ణి కాను. కుర్రతనంలో ఓ పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో రెండేళ్ళు రిథమ్ గిటారు గోకిన పాపం ఉంది, అంతే. అయినా చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. వాడి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీయించి, పన్నెండో మెట్టు దగ్గర నిలబెట్టి చూడమన్నాను. (మెట్టంటే ఫ్రెట్టే. వీణకి మెట్లున్నప్పుడు గిటారుకి ఉండకూడదా?) లావు తీగకీ మెట్టుకీ మధ్య నాలుగు మిల్లీమీటర్లు! ఉండాల్సింది రెండున్నర. సన్నతీగ దగ్గరయితే రెండు. అంత ఎత్తున ఉన్న తీగని అదమాలంటే పొట్టి వేళ్ళేమిటి, భీముడి వేళ్ళయినా కోసుకుపోతాయి.

చవకరకం గిటార్లు చాలామటుకు ఇలాగే వస్తాయి గురూ. తీగ ఎత్తుగా ఉంటే జరజరమనే మోత రాదు. మోత లేకపోతే కొన్నవాడు తిరిగి రాడు. వేళ్ళ బాధంటారా, అది కొన్నవాడి ఖర్మ!

దానికి తోడు మన సీమ ఒకటి. ఘంటసాలగారు పుట్టిన చౌటపల్లి గుడివాడ పక్కనే. సుసర్ల దక్షిణామూర్తిగారిది దివిసీమలోని పెదకళ్ళేపల్లి, వేటూరిగారిదీ ఆ ఊరే. సంగీతం మన గాలిలోనే ఉందంటారు. ఉంది, కాదనను. ఆ గాలిలో తేమ కూడా ఉంది! గిటారు చెక్కకి గాలిలో తేమ నూటికి 45 నుంచి 55 పాళ్ళుంటే సుఖం. వానాకాలంలో మన దగ్గర 80 దాటడం మామూలే. చెక్క ఆ తేమ తాగి ఉబ్బుతుంది, బ్రిడ్జి వెనక పొట్ట పైకి లేస్తుంది, దానితోపాటు తీగలూ లేస్తాయి. నూజివీడు (ఇప్పుడు ఏలూరు జిల్లా అయింది లెండి) వీణల సంగతి తెలిసినవాళ్ళకి ఇది వింతేం కాదు. వీణకి ఇరవై నాలుగు మెట్లూ మైనం మీదే కూర్చుంటాయి. ఎండకి మైనం మెత్తబడితే మెట్లు కదులుతాయి. మళ్ళీ మేళం కట్టించుకోవాల్సిందే. వీణ కొన్నవాళ్ళెవరూ "నా వేళ్ళు పొట్టివి" అని వీణ అమ్ముకోలేదు, మేళం కట్టేవాణ్ణి పిలుచుకున్నారు. గిటారుకీ మేళం కట్టించాలని మనకెవరూ చెప్పలేదు, అంతే తేడా.

సరే, మేమిద్దరం కూర్చున్నాం. ముందు కొత్త తీగలు. పెట్టెలో వచ్చినవి 12 నంబరువి. అంటే సన్నతీగ మందం అంగుళంలో వెయ్యికి పన్నెండో వంతు. నేర్చుకునేవాడికి 11 గాని 10 గాని చాలు, వేలికి హాయి. సెల్‌ఫోన్ ట్యూనర్‌తో శ్రుతి చేసి ఓ రాత్రి వదిలేశాం. శ్రుతిలో లేని గిటారుని కొలిస్తే ఆ కొలత ఎందుకూ పనికిరాదు.

పొద్దున్నే మెడ. లావు తీగని మొదటి మెట్టు దగ్గరా, మెడ ఒంటిని కలిసే చోటా ఒకేసారి అదిమి, ఏడో మెట్టు మీద సందు చూడాలి. విజిటింగు కార్డు దూరేంత ఉంటే మెడ సరిగ్గా ఉన్నట్టు. మావాడి గిటారుకి రెండు కార్డులు దూరాయి. మెడలో ఇనపరాడ్డు ఉంటుంది, గుండ్రటి రంధ్రంలోంచి ఎల్ కీ పెట్టి తిప్పాలి. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వంగిన మెడ నిటారవుతుంది. ఒక్కసారికి పావు చుట్టు, అంతకంటే వద్దు! మళ్ళీ శ్రుతి చేసి, కాసేపు ఆగి, మళ్ళీ కొలవాలి. గట్టిగా ఉంటే బలం చూపించకండి. రాడ్డు తెగితే మీ ట్యూషన్ డబ్బులు గోవిందా. కొన్ని చవక గిటార్లకి అసలు రాడ్డే ఉండదు, అదీ చూసుకోండి.

మెడ సరయ్యాక లావు తీగ మూడున్నరకి దిగింది. ఇంకో మిల్లీమీటరు కావాలి. బ్రిడ్జి మీద తెల్లటి సన్నపలక ఉంటుందే, శాడిల్... దాన్ని కింద వైపు అరగదీయాలి. ఇక్కడే కుర్రాళ్ళు పప్పులో కాలేస్తారు. పన్నెండో మెట్టు దగ్గర ఒక మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు అరగాలి. లెక్క సరే అని ఒకేసారి రెండూ అరగదీయకూడదు. ముందు ఒకటిన్నర తీసి, తీగలు కట్టి చూసి, తర్వాత మిగతాది. అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి రుద్దితే అడుగు వంకర పోదు. నేను మాత్రం వాడు తెచ్చిన శాడిల్ని ముట్టనివ్వలేదు. బెజవాడ నుంచి వేరేది తెప్పించి దాన్నే అరగదీయించాను. అసలుది జామెట్రీ బాక్సులో దాచుకోమన్నాను. ఎందుకో చివర్లో చెబుతా.

ఇక మెడ పైకొసన తీగలు గాళ్ళలో కూర్చునే నట్టు. ఎఫ్ కార్డు కష్టమంతా ఇక్కడిది. తీగని మూడో మెట్టు దగ్గర అదిమి, మొదటి మెట్టు మీద చూస్తే కాగితమంత సందుండాలి. మావాడిదానికి అట్టంత ఉంది. ఆ గాళ్ళు లోతు చెయ్యడం నా చేత కాదు. వెంట్రుకవాసి ఎక్కువైతే ఇక వెనక్కి రాదు. బెజవాడలో గిటార్లు బాగుచేసే ఆయన దగ్గరికి పంపాను. ఇందాకటి పనంతా ఇంట్లో చేసుకున్నందుకు ఆయన మెచ్చుకున్నాట్ట!

తిరిగొచ్చిన సాయంత్రం వరండాలో కూర్చుని ఎఫ్ పట్టాడు. ఆరు తీగలూ పలికాయి. మాట్లాడకుండా ఇంకోసారి పట్టాడు. తర్వాత మా ఆవిడ అన్నానికి పిలిచినా లేవలేదు.

అన్నట్టు ఆ "పొట్టి వేళ్ళ" ఫ్రెండు ఎవరనుకున్నారు? నాగాయలంక కుర్రాడు. ఆయనగారి గిటారూ చూశాను. సముద్రపు గాలికి తీగలు తుప్పుపట్టి ఎర్రగా ఉన్నాయి. వాయించాక పొడిగుడ్డతో తుడిస్తే పోయేదానికి! పైగా నైలాన్ తీగల గిటారుకి ఉక్కుతీగలు కట్టాడు. ఆ బిగువుకి బ్రిడ్జి వెనకనుంచి లేస్తోంది. వెంటనే విప్పించాను. ఇంకో నెలాగితే బ్రిడ్జి ఊడి చేతికొచ్చేది.

మొన్న సంక్రాంతి వెళ్ళాక గుడివాడనుంచి మావాడి ఫోను. "మావయ్యా, ఆరో తీగ జరజరమంటోంది!" భయపడకు, చలికాలం గాలి పొడిబారి ఉబ్బిన పొట్ట దిగిందన్నాను. రాడ్డు పావు చుట్టు వదులు చెయ్యాలి. అప్పటికీ వినకపోతే జామెట్రీ బాక్సులో దాచిన శాడిల్ ఉందిగా, దాన్ని కాస్తే అరగదీసి ఎక్కించుకోవచ్చు. ఆదివారం వెళ్తున్నాను. సంచీలో ఎల్ కీ, గరుకు కాగితం, అక్కయ్యకి బందరు లడ్డు.