రెండు ముళ్లును ఒకేమారు తప్పినపుడు

1962 మొదలు 1980 వరకు ఇంగ్లండులో తయారైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారునకు (దీనికి మూలమైన హెరాల్డు మద్రాసులో స్టాండర్డు హెరాల్డను పేర తయారైనది) నేడు ఆరాధకులు పెక్కుమంది కలరు. వారు దాని ఇంజనును గూర్చి గంటలతరబడి ముచ్చటింతురు గాని, డాష్‌బోర్డు వెనుక, చేయి దూరుటయే దుర్లభమైన చీకటిలో నున్న అగ్గిపెట్టెపాటి రేకుడబ్బీని తలచుట అరుదు. పెట్రోలు మీటరునకును ఉష్ణోగ్రత మీటరునకును విద్యుత్తు నందించు వోల్టేజి స్టెబిలైజరు అదియే.

దాని నిర్మాణము సరళము, సుందరము. వేడికి వేర్వేరు పాళ్లలో వ్యాకోచించు రెండు లోహముల నతికిన పట్టీకి సన్నని తీగ చుట్టియుండును. విద్యుత్తు ప్రవహింపగా తీగ వేడెక్కి, పట్టీ వంగి, కాంటాక్టు విడిపోవును. చల్లారగనే మరల కలియును. బ్యాటరీనుండి 12 వోల్టులు వచ్చినను, 14 వచ్చినను, ఇట్లు తెగుచు కలియుచు సగటున 10 వోల్టులనే అది మీటర్లకు పంపును. ఆ మీటర్లును వేడికి వంగు పట్టీలతో మెల్లగా కదలునవియే కావున, ఈ తెగుట వాని ముళ్లకు తెలియనే తెలియదు.

అయితే డబ్బీ ఒళ్లు, దానిని బిగించు స్క్రూ గుండా, కారు బాడీకి చక్కగా ఎర్తు కావలెను. దశాబ్దముల తుప్పు ఆ స్క్రూ క్రింద చేరినచో చుట్టిన తీగలో విద్యుత్తు ప్రవహింపక పట్టీ వేడెక్కదు, కాంటాక్టు విడిపోదు, బ్యాటరీ వోల్టేజి యంతయు మీటర్లమీద పడును. అప్పుడు రెండు ముళ్లును ఒకేమారు హెచ్చు చూపును. ట్యాంకు అడుగంటుచుండగా చాలినంత యున్నదని నమ్మినవాడు నడిదారిలో నిలిచిపోవును. ఇంజను కాగిపోవుచున్నదని బెదరినవాడు మంచి థర్మోస్టాటును పారవేయించును. ఒక్క ముల్లే తప్పినచో దోషము ఆ మీటరునందో, దానికి కొలత నందించు సెండరునందో, నడుమ తీగయందో వెదకవలెను. రెండును కలిసి తప్పినచో మొదట ఎర్తు స్క్రూ విప్పి, తుప్పు గీకి, బిగింపవలెను. మీటర్లను విప్పుట తరువాతి మాట.

కాంటాక్టులు కాలిపోయినచో పాత డబ్బీలోనే 7810 అను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు నమర్చుట అపచారమని వాదించువారితో నేను ఏకీభవింపను. నెగటివ్ ఎర్తు కారైనచో అది చక్కగా పనిచేయును. చూపునకును పాతదే నిలుచును. నాకు సహింపరానిది తీగలను తెగగోయుట. ఈ కార్లలో నలుపు ఎర్తు. ఆకుపచ్చ, స్విచ్చి వేసిన పిదప ఫ్యూజు గుండా వచ్చునది. ఆకుపచ్చమీది నల్లచార ట్యాంకునకు, నీలిచార ఉష్ణోగ్రత సెండరునకు పోవును. ఈ రంగులను చదువుకొనియే మెకానిక్కు దోషమును పట్టగలుగును. చేతికందిన ఎర్రతీగ నతికి టేపు చుట్టినవాడు తన తరువాత వచ్చువాని కండ్లు కట్టినవాడే.

సరియైన రంగు దొరకనిచో తీగకు చీటీ కట్టవలెను. లోపల రెగ్యులేటరు మార్చినచో డబ్బీమీదనే ఆ మాట వ్రాయవలెను. ఏలయన, పాత స్టెబిలైజరును పరీక్షించునపుడు మల్టీమీటరు ముల్లు ఊగుటయే ఆరోగ్యలక్షణము, కొత్తదానియందు అది 10 వద్ద కదలక నిలుచును, ఈ భేదము తెలియని మెకానిక్కు బాగుగా నున్నదానినే చెడినదని విప్పివేయును.