పటమట ముచ్చటలు: పాతవ్యానునకు క్రొత్తమేను

గడచిన మాసమున ఊరగాయ జాడీలను గూర్చి ముచ్చటించిన మేము ఈ మాసమున బండిరేకులను గూర్చి వ్రాయబూనుట చూచి మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. మా యింటివారును మొదట నవ్విరి. కాని ముసలివారిని, పిల్లలను ఎక్కించుకొని పోవు బండి యెట్టి స్థితిలో నున్నదో గృహిణి తెలిసికొనియుండుట, పొయ్యి స్థితి తెలిసికొనియుండుటవంటిదేయని మాకు అనుభవముమీద తెలియవచ్చినది. ఆ యనుభవము కొంత కష్టముతో కొన్నది గనుక మీకు ఊరకయే యిచ్చుచున్నాము.

పటమటలో కాపురముండువారికి సుత్తిదెబ్బల చప్పుడు క్రొత్తగాదు. బందరురోడ్డు వెంబడి తూర్పుగా పోయినచో జవహర్ ఆటోనగరము వచ్చును. ఊరి నడుమ ఇఱుకు వీథులలోనున్న మరమ్మతు షెడ్లకు వెలుపల చోటు కల్పింపగా 1960 దశకమున వెలసిన పేట యిది. నేడు ఊరే దానిని దాటి కానూరువైపు పెరిగిపోయినది. ఇచ్చటికి లారీలు ఎముకలగూడువలె వచ్చును. రెండు పొడవైన ఉక్కుదూలములు, వానిపై ఇంజను, క్రింద చక్రములు, అంతియే. పిమ్మట వడ్రంగులు, వెల్డింగువారు, రంగులవారు కూడి దానికి మేను తొడిగి, పూలు, చిలుకలు వ్రాసి, పెండ్లికూతునివలె పంపుదురు. ఇంతటి నేర్పరులు ఇరుగుపొరుగుననే యున్నను, మా బండి కథ చిక్కులలో పడకపోలేదు.

మా మఱిది కాపురము అజిత్‌సింగ్ నగరున. ఆతనికి 2010వ సంవత్సరపు మారుతీ ఓమ్నీ వ్యానొకటి గలదు. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి ఆ పేటలను ముంచినప్పుడు ఆ వ్యాను సీట్లవఱకు మునిగి, దినముల తరబడి బురదనీటిలో నిలిచిపోయినది. భీమా ఎదుటివారి నష్టమునకు మాత్రమే వర్తించునదగుటచే కాసైన రాలేదు. ఇంజను బాగుచేయించి, మేను బాగుచేయుటకు ఒక షెడ్డున నిచ్చిరి. కొలదిదినములకే అది పాలవలె తెల్లగా మెఱయుచు తిరిగివచ్చినది.

ఆ శీతకాలముననే మా అత్తగారికి పక్షవాతము సోకి కుడికాలు స్వాధీనము తప్పినది. వారమునకు రెండుమారులు వ్యాయామ చికిత్సకు తీసికొనిపోవలెను. ఆటో యెక్కలేరు. మా మఱిది వ్యాను తెచ్చి మా వాకిట నిలిపి, "వదినా, అమ్మకు పనికివస్తుంది. మీ దగ్గరే ఉంచండి" అనెను.

2025 సంక్రాంతి వెళ్లిన మూడవదినమున చికిత్సకు బయలుదేఱితిమి. అత్తగారు మా భుజముపై చేయివేసి తలుపు కడనున్న నేలరేకుపై పాదము మోపిరి. చాపక్రింద రేకు అప్పడమువలె విఱిగి, పాదము చీలమండవఱకు దిగబడినది. ఒక్క కేక వేసి ఆమె మాపైకి ఒరిగిరి. పాదము బయటికి తీయునప్పటికి చర్మము గీఱుకొనిపోయి యుండెను. మధుమేహము గల దేహమగుటచే ఆ గాయము మానుటకు నలువదిదినములు పట్టినది. ఆ నలువదిదినములును మాకు కంటిపై కునుకు లేదు.

ఆ సాయంకాలము మా యింటివారు పిల్లలకు చూపుటకై ఇంటనుంచుకొనిన అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి మేము బండి చుట్టును త్రిప్పి చూచితిమి. పైకప్పున అంటుకొనెను. తలుపు పైభాగమున అంటుకొనెను. చక్రముల పైనున్న వంపులకడను, తలుపుల దిగువను మాత్రము జాఱి నేలబడెను. ఇనుము లేనిచోట అయస్కాంత మేల నిలుచును? అచ్చట నున్నది రేకు గాదు, లప్పము. తుప్పు తీయకయే దానిపై లప్పము మెత్తి, నునుపు జేసి, రంగు పూసిరి. భారతములోని లక్కయిల్లు మాకు జ్ఞప్తికి వచ్చినది. ధర్మరాజునకు నేతివాసన పట్టగల ముక్కుండెను గనుక మోసము ముందే తెలిసినది. మాకు తెలియుటకు అత్తగారి కాలు గాయపడవలసి వచ్చినది.

మఱునాడు ఆటోనగరములో అరువదియేండ్లు దాటిన టింకరింగు మేస్త్రి నొకరిని పిలిపించితిమి. ఆయన రంగువైపు చూడనైన చూడక, నేలపై వెల్లకిల పరుండి, స్క్రూడ్రైవరుతో బండి అడుగును పొడుచుచు పోయెను. తలుపుల క్రింద, నిలువునా పోవు బోలుదూలము లుండును. వానికి నీరు కాఱిపోవుటకు చిన్నచిన్న రంధ్రములు గలవు. ఆ రంధ్రములు పూడిపోయినవి. ఆయన పొడువగానే బుడమేటి బురద చెమ్మ యాఱకయే రాలిపడెను. రేకు వెలుపలినుండి గాక లోపలినుండి తినబడుచుండెనన్నమాట.

రేకు ఎటులను కోసి క్రొత్తది వేయవలసియే యున్నది గదాయని మా మఱిదికి ఒక కోరిక పుట్టినది. పైకప్పును కోసి జానెడెత్తు లేపి, తలుపు ప్రక్క స్తంభమును తొలగించి వాకిలి వెడల్పు జేసినచో అమ్మను చక్రముల కుర్చీతోనే లోపలికి త్రోయవచ్చునని ఆతని ఊహ. వేఱొక షెడ్డువారు రెండుదినములలో చేసి యిత్తుమనిరి. దాచనేల? మాకును ఆశపుట్టినది. ఖర్చునకై గాజులజత బ్యాంకున తాకట్టు పెట్టియుంటిమి.

మేస్త్రి మాత్రము తల యడ్డముగా త్రిప్పెను. "అమ్మగారూ, లారీకి ఎముకలు వేరు, చర్మం వేరు. పైన ఏం కట్టినా కింద దూలాలు మోస్తాయి. ఈ బండికి చర్మమే ఎముక" అనెను. అటుపై జేబులోని అగ్గిపెట్టె తీసి, లోపలి అఱ తొలగించి, పైతొడుగును మా చేతికిచ్చి పైనుండి నొక్కుమనెను. నిలిచినది. ఒక ప్రక్క గోడను బ్లేడుతో కోసియిచ్చి మరల నొక్కుమనెను. అట్టవలె చదునైనది. మాకు మఱి యే వివరణమును అక్కఱలేకపోయినది. ఓమ్నీవంటి బండ్లకు లారీవలె విడిగా దూలములగూడు లేదు. నేల, స్తంభములు, పైకప్పు అన్నియు కలిసి పెట్టెయై బరువు మోయును. ఒక స్తంభము తీసినచో గుద్దుకొనినప్పుడు లోపలివారిని కాచునది పోవును. పైగా ఆ బండి సన్నని మేను గలది. కప్పు లేపినకొలది బరువు పైకిపోయి, మలుపులలో తూలును.

మా యింటివారు చట్టమును చదివి చూచిరి. 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగ బండిని మార్పరాదు. 2019 జనవరి 9న సుప్రీముకోర్టును ఈ మాటనే దృఢపఱచినది. ఆ యేటి సవరణము, అట్టి మార్పు చేసిన యజమానికి మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానాగాని, ఆఱుమాసములవఱకు కారాగారముగాని విధింపవచ్చునని చెప్పుచున్నది. అంగవైకల్యము గలవారి కొఱకు బండిని మార్చుకొనుటకు ఆ సవరణమే త్రోవ చూపినది. కాని అది రిజిస్ట్రేషను అధికారి అనుమతితో, విధించిన నియమముల ప్రకారము జరుగవలెనుగాని షెడ్డువాని యిష్టము ప్రకారము గాదు. రంగు మార్చినను పుస్తకమున వ్రాయింపవలెను. మా బండికి పదునైదేండ్లు నిండు యేడది. తనిఖీ చేయించి ఐదేండ్లకు రిజిస్ట్రేషను పొడిగించుకొనవలసి యుండగా, ఆకారము మార్చిన బండిని ఏ మొగముతో చూపుదుము?

తుదితీర్పు అత్తగారే చెప్పిరి. మంచముపైనుండి అంతయు వినుచున్న ఆమె, "గడప ఎత్తుగా ఉందని గుడి గోడ కోస్తారా? మెట్టు వేసుకుంటారు. నాకూ ఒక మెట్టు చేయించండి" అనిరి. మా మఱిది మాఱుపలుకలేదు.

పని పండ్రెండుదినములు పట్టినది. మేమును రోజుకొకసారి పోయి చూచుచుంటిమి. మొదట బ్యాటరీ తీగె విప్పి, పెట్రోలు టాంకిని, సీట్లను, లోపలి గుడ్డలను తొలగించిరి. వెల్డింగు నిప్పురవ్వ దేనికి అంటుకొనునో చెప్పలేము గదా. లప్పమంతయు గీకివేయగా, తెల్లని హంసవలెనున్న బండి ఎఱ్ఱని తుప్పుతో మచ్చలమచ్చలుగా బయటపడెను. తుప్పు పట్టిన చోటును మంచిరేకు కనబడువఱకు కోసి, అదే మందము రేకును ఆ వంపునకు తగినట్లు కొట్టి అతికిరి. రెండు తలుపులను ఒకేసారి తెఱచి కోయలేదు. ఒకప్రక్క ముగిసిన పిమ్మటనే రెండవప్రక్క. లేనిచో పెట్టె వంగి తలుపులు సరిగా పడవట. బురద కడిగి ఆఱబెట్టి, రంధ్రములు తెఱచి, తుప్పునాపు పూతవేసి, బోలుదూలముల లోపల మైనపుద్రవము చిమ్మిరి. అటుపిమ్మటనే రంగు, అదియు మునుపటి తెలుపే.

అత్తగారి కొఱకు జరిగిన మార్పులు రెండే. తలుపు లోపల పట్టుకొనుటకు ఒక పిడి, దాని వెనుక బరువు నలుదెసల పంచుటకు ఇనుపపలక. రెండవది, వాకిట పెట్టి తీయదగిన టేకుమెట్టు. మెట్టుపై జాఱకుండ రబ్బరు అంటించితిమి. కుర్చీని మడిచి వెనుక పెట్టుదుము. తనిఖీయును చిక్కులేక ముగిసినది.

సోదరీమణులారా! పాతబండి కొనునపుడును, బాగుచేయించి తెచ్చుకొనునపుడును రంగుచూచి మురియకుడు. గుడ్డలో చుట్టిన అయస్కాంతము నొకదానిని చేతనుంచుకొనుడు. చాప ఎత్తి నేల చూడుడు. రంగు వేయకముందే పోయి రేకు చూచెదమని ముందుగనే చెప్పుడు. మేనును కోసి పెంచెదమనువారు చవుకగా చెప్పినకొలది ఎక్కువ జంకుడు.

మా అత్తగారు ఇప్పుడు వారమునకు ఒకసారియే చికిత్సకు పోవుచున్నారు. అయినను బండి యెక్కుటకు ముందు చేతికఱ్ఱతో నేలరేకును రెండుమారులు కొట్టి, చెవియొగ్గి వినుట మాత్రము మానలేదు. ఖంగుమని మ్రోగినపిదపనే పాదము మోపుదురు. మేమును తొందరచేయము.